ఆ ‘కీ.శే.’ లైను చివరికి ఎలా వచ్చింది

2024 ఫిబ్రవరి మొదటి వారం. ఇంకో నాలుగు రోజుల్లో మాఘమాసం. పొద్దున ఎనిమిదింటికే ప్రెస్ ఓనరన్న ఫోన్ చేశాడు. “తమ్మీ, ఒక్కసారి దుకాణానికి రా. ఫోన్ల చెప్పే ముచ్చట కాదు” అని పెట్టేశాడు.

హైదరాబాద్‌లో పెళ్ళి కార్డులంటే ఛత్తా బజార్. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే కాసేపట్లో అక్కడుంటాం. ఆ సందుల్లో ఒక ప్రెస్‌కి 2021లో నేను వెబ్‌సైట్ చేసిచ్చాను. కస్టమరు ఇంట్లోనే కూర్చుని కార్డు మోడల్ ఎంచుకుని, శుభలేఖ మ్యాటర్ ఒక పెద్ద పెట్టెలో టైపు చేసి పంపుతాడు. అది దుకాణంలో డీటీపీ చేసే అక్క దగ్గరికి వస్తుంది. అక్క దాన్ని ఫోన్లూ వెబ్‌సైట్లూ వాడే యూనికోడ్ తెలుగు నుంచి ప్రెస్సుల్లో వాడే అను ఫాంటులోకి మార్చి, డిజైన్ సాఫ్ట్‌వేర్ అయిన కోరెల్‌డ్రాలో పెట్టి, ప్రూఫ్ వాట్సాప్‌లో పంపుతుంది. కస్టమరు ఓకే అంటే అచ్చు ప్లేటుకు వెళ్తుంది. మూడేళ్ళుగా ఏ గొడవా లేకుండా నడిచింది.

నేను వెళ్ళేసరికి కౌంటర్ ముందు స్టూలు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. పెళ్ళికొడుకు తండ్రి. ఓనరన్న ఏమీ అనకుండా కార్డు నా చేతికిచ్చాడు. మెరూన్ రంగు కార్డు, బంగారు అక్షరాలు, మూలల్లో అప్పటికే పసుపు పెట్టి ఉంది. మధ్యలో లైను దగ్గర నా చూపు ఆగిపోయింది. “శ్రీమతి & శ్రీ” అని పెద్దాయన పేరు, “గారి కుమారుడు,” అని ఉన్నాక అదే లైను చివర “కీ.శే.” అని ఉంది. కింది లైనులో వాళ్ళ నాన్నగారి పేరు, “గారి మనుమడు”. అంటే చనిపోయిన తాతగారి పేరుకు ముందు ఉండాల్సిన ‘కీ.శే.’, బతికున్న తండ్రి పేరున్న లైనుకు అంటుకుని ఉంది. గబగబా చదివితే ఎవరు పోయారో తెలియదు.

“మా అమ్మకు మొదటి కార్డు ఇచ్చిన బాబూ” అన్నారాయన. “చదివి, ఏమనకుండ కింద పెట్టింది. నేనెందుకని అడిగితే నా లైను చూపించింది.”

ఆయన కోపంగా అనలేదు. ప్రూఫ్ తనే ఓకే చేశానని, ఫోన్లో అక్షరాలు చిన్నగా ఉండి కనిపించలేదని కూడా ఒప్పుకున్నారు. అరిచి ఉంటే నాకు అంత కష్టంగా ఉండేది కాదేమో. 250 కార్డులు మళ్ళీ వేసిస్తానని ఓనరన్న అప్పటికే చెప్పేశాడు. కాగితం ఖర్చు సగం నేను పెట్టుకుంటానన్నాను, వద్దన్నాడు. “పైసలు కాదు తమ్మీ, ఇది ఎట్లయిందో జూడు. ఇంకా యాభై అరవై ఆర్డర్లు లైన్ల ఉన్నయి.”

మొదట అక్కనడిగాను. అక్క తప్పేమీ లేదు. డేటాబేసులో చూస్తే ‘కీ.శే.’ తర్వాత నిజంగానే కొత్త లైను గుర్తు ఉంది. దుకాణంలో ఒక రూలుంది: ఇంటివాళ్ళు ఎంటర్ కొట్టినచోట మనం చెయ్యి పెట్టకూడదు. శుభలేఖలో లైను ఎక్కడ ఆగాలన్నది వాళ్ళ పెద్దవాళ్ళు అనుకుని రాస్తారు. ఎవరి పేరు ఎవరి పక్కన, ఏ పేరు ఒంటరిగా ఒక లైనులో అన్నదాని మీద ఇళ్ళల్లో పంచాయితీలు అవుతాయి. అందుకే అక్క దాన్ని అలాగే ఉంచింది.

పెద్దాయననడిగాను, “సార్, కీ.శే. అని కొట్టాక మీరు ఎంటర్ కొట్టారా?”

“లేదు బాబూ. ‘గారి మనుమడు’ అయినంక కొట్టిన. మా వాని ల్యాప్‌టాప్‌ల కొట్టిన. కొట్టేటప్పుడు మంచిగనే ఉండె.”

ఆ చివరి మాట నేను సరిగ్గా విని ఉంటే రెండు రోజులు మిగిలేవి.

అనుమానం మొదట ఫాంటు మీదికి పోయింది. ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కో తెలుగు ఫాంటు ఉంటే లైన్లు ఒక్కోచోట విరుగుతాయి. అందుకని మొదట్లోనే గూగుల్ ఫాంట్స్ నుంచి ‘మండలి’ తెచ్చి ఆ పెట్టెకు పెట్టాను. అది లోడవకపోతే విండోస్ తనదైన నిర్మలా ఫాంటు చూపిస్తుంది. దుకాణం కంప్యూటర్‌లో చూశాను, మండలి చక్కగా వస్తోంది. ఫాంటు కాదు.

ఇంటికొచ్చి నా మ్యాక్‌లో అదే మ్యాటర్ అతికించి పంపాను. ‘కీ.శే.’ దాని పేరుతోనే ఉంది. పైగా ఇంకో లైనులో ఒక మాట ఎక్కువ పట్టింది. అంటే విండోస్‌లో లైన్లు కురచయ్యాయి, మ్యాక్‌లో పొడుగయ్యాయి. రెండూ ఒకే బ్రౌజర్, క్రోమ్. ఇది చూసి నాకు టెన్షన్ ఎక్కువైంది. ఒకే తప్పు రెండు వైపులకీ ఎలా లాగుతుంది?

ఆ రాత్రి తొందరపడి ఒక పిచ్చి పని చేశాను. పొడుగు పేరు పట్టకే కదా ‘కీ.శే.’ని వదిలేసి కిందికి దిగింది, మాట మధ్యలోనైనా విరగనిస్తే అది ఒంటరిగా మిగలదు అనుకున్నాను. పేజీ ఎలా కనిపించాలో చెప్పే కోడ్ సీఎస్ఎస్‌లో వర్డ్‌బ్రేక్‌ని బ్రేక్‌ఆల్ చేసి పడుకున్నాను. పొద్దున పదింటికి అక్క నుంచి ఫొటో వచ్చింది. ఒక లైను చివర “ముహూర్”, కింది లైను మొదట్లో “తం”.

తెలుగు చదివేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ‘ర్త’ మనకు ఒకే అక్షరం, రకారం కింద తవత్తు. కంప్యూటర్‌కి అది మూడు సంకేతాలు: ర, పొల్లు, త. ఎక్కడైనా విరవొచ్చని నేను చెప్పాను కాబట్టి క్రోమ్ పొల్లు తర్వాత విరిచింది. ఒత్తు పోయి పొల్లు బయటపడింది. యూనికోడ్ అక్షర విభజన నియమాల్లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయకూడదన్న నియమం 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 వెర్షన్‌తోనే చేరింది. తెలుగు ఉన్న పేజీలో బ్రేక్‌ఆల్ అనే మాట ఇంక జన్మలో రాయను. మరీ పొడుగు మాట పెట్టె దాటిపోతుందన్న భయం ఉంటే ఓవర్‌ఫ్లో‌ర్యాప్‌కి బ్రేక్‌వర్డ్ పెడితే చాలు. మాట మొత్తం ఒక లైనులో పట్టనప్పుడు మాత్రమే అది విరుస్తుంది, మామూలు మాటల జోలికి రాదు.

రాత్రి నుంచి వచ్చినవి రెండే ఆర్డర్లు. రెండూ అక్క కంటపడ్డాయి కాబట్టి బయటికి పోలేదు. వెంటనే పాత కోడ్ పెట్టేసి, మళ్ళీ దుకాణానికి వెళ్ళి, ఆ విండోస్ కంప్యూటర్ ముందే కూర్చున్నాను.

ఈసారి పద్ధతిగా చేశాను. పరీక్షల కోసమని క్రోమ్ వాళ్ళు వెర్షన్ల వారీగా విడిగా ఒక బ్రౌజర్ ఇస్తారు, క్రోమ్ ఫర్ టెస్టింగ్ అని. 2023లో మొదలైంది. తనంతట తాను అప్‌డేట్ అవదు కాబట్టి రెండు వెర్షన్లు పక్కపక్కన తెరిచి చూడొచ్చు. డేటాబేసులో లైన్లు తేడాగా విరిగిన ఆర్డర్లన్నీ జనవరి చివరి వారం తర్వాతవే. క్రోమ్ 121 వచ్చింది ఆ రోజుల్లోనే. అందుకని 120, 121 రెండూ దింపాను. అక్క కుర్చీ నాకిచ్చి తను కటింగ్ మెషిన్ పక్కన స్టూలు వేసుకుంది.

ఎడమ పక్క 120, కుడి పక్క 121. పెద్దాయన మ్యాటరే ఒక్కో లైనూ చేత్తో టైపు చేశాను. అతికించలేదు, కావాలనే ఆయన కొట్టినట్టు కొట్టాను. “శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు” దగ్గర్నుంచి పెళ్ళికొడుకు లైను, పెళ్ళికూతురు లైను, ముహూర్తం దాకా రెండింట్లో ఒక్క అక్షరం తేడా లేదు. కల్యాణ వేదిక అడ్రసు మొదలుపెట్టేసరికి పెట్టె నిండింది. కుడివైపున పైకీ కిందికీ జరిపే స్క్రోల్‌బార్ వచ్చింది. ఆ క్షణంలో 121లో నేను చూస్తున్న లైన్లు ఒక్కసారి కదిలాయి. పైకి జరిపి చూస్తే ‘కీ.శే.’ లైను చివర నిలబడి ఉంది, పేరు కిందికి దిగింది.

“కొట్టేటప్పుడు మంచిగనే ఉండె” అని ఆయనన్నది ఇదే. ఆయన కొట్టినప్పుడు ఆ లైను బాగానే ఉంది. కింద అడ్రసు కొడుతుంటే, పైన కంటికి కనపడని చోట లైను మారిపోయింది.

స్క్రోల్‌బార్ వెడల్పు కొలిచాను. 120లో 6 పిక్సెళ్ళు, నేను పెట్టిందే. 121లో దాదాపు దానికి రెట్టింపు. పెట్టె మొత్తం వెడల్పు 420 పిక్సెళ్ళని నేను కట్టేసి ఉంచాను కాబట్టి స్క్రోల్‌బార్ ఎంత లావైతే మాటలకు అంత చోటు తగ్గుతుంది. అందుకే చిన్న మ్యాటర్ ఉన్న కార్డులకు ఏమీ కాలేదు. వాటికి స్క్రోల్‌బార్ రాదు.

అది ఎందుకు లావైందన్నది కోడ్ చూస్తే దొరికింది. 2021లో నేను ఒకే పనికి రెండు రూల్స్ రాసి ఉన్నాను. క్రోమ్ కోసం వెబ్‌కిట్ స్క్రోల్‌బార్ అన్న పాత పద్ధతిలో 6 పిక్సెళ్ళు. ఫైర్‌ఫాక్స్ కోసం స్క్రోల్‌బార్‌విడ్త్ అన్న ప్రామాణిక పద్ధతిలో ‘థిన్’. అప్పట్లో క్రోమ్‌కి రెండోది తెలియదు, వదిలేసేది. ఫైర్‌ఫాక్స్‌కి మొదటిది తెలియదు. ఎవరి రూలు వాళ్ళు తీసుకునేవారు. క్రోమ్ 121 నుంచి ప్రామాణిక రూలు కూడా దానికి అర్థమవుతుంది. రెండూ ఉంటే ప్రామాణిక రూలుదే పైచేయి. అందుకని నా 6 పిక్సెళ్ళు పోయి, విండోస్ తన ‘థిన్’ కొలత పెట్టింది. నా మ్యాక్‌లో స్క్రోల్‌బార్ అక్షరాల మీద తేలుతుంది, చోటు తీసుకోదు. ముందు నా 6 పిక్సెళ్ళ రూలు వల్ల అక్కడ కూడా చోటు పోయేది, ఇప్పుడా రూలు పోయి లైను పొడుగైంది. రెండు వైపులా ఎందుకు లాగిందో అప్పటికి అర్థమైంది.

ఇది బ్రౌజర్ తప్పు కాదు. ఈ మార్పు గురించి వాళ్ళు ముందే చెప్పారు, నేను చదవలేదు. అసలు తప్పు ఇంకా లోపలుంది. దాన్ని అక్క పట్టించింది.

“లైన్లు జరిగితే జరిగినయి, మరి నాకు ఎంటర్ ఎట్ల వచ్చింది?” అంది. “ఆయన కొట్టలేదంటున్నడు గదా.”

నిజమే. పెట్టెలో చోటు చాలక మాట కిందికి దిగడం వేరు, అక్కడ ఎంటర్ పడటం వేరు. మొదటిది కంటికి మాత్రమే, పంపే మ్యాటర్‌లో దాని గుర్తేమీ ఉండదు. రెండోది మ్యాటర్‌లో భాగం. మామూలుగా అయితే బ్రౌజర్ మొదటిదాన్ని పంపదు. పంపేలా నేనే చేశాను. 2021లో లైన్లు తెర మీద కనిపించినట్టే వస్తే పని తేలికవుతుందని అక్క అంటే, ఆ పెట్టెకు కోడ్‌లో పేరైన టెక్స్ట్‌ఏరియాకు ర్యాప్ అన్న గుణాన్ని ‘హార్డ్’ అని పెట్టాను. అలా పెడితే ఫారం పంపేటప్పుడు, లైను ఎక్కడెక్కడ విరిగి కనిపిస్తోందో అక్కడల్లా బ్రౌజరే ఒక కొత్త లైను గుర్తు చేర్చి పంపుతుంది. మామూలు విలువ ‘సాఫ్ట్’, అది ఏమీ చేర్చదు.

ఇంకో చిక్కు కూడా అందులోనే ఉంది. పంపే ముందు కస్టమరుకు ఒక ప్రివ్యూ చూపిస్తాను. దానికి మ్యాటర్‌ని జావాస్క్రిప్ట్‌తో నేరుగా పెట్టెలోంచి తీసుకుంటాను. అలా తీసుకున్నదాంట్లో బ్రౌజర్ చేర్చే ఎంటర్లు ఉండవు, అవి ఫారం పంపేటప్పుడే పడతాయి. అంటే కస్టమరుకు చూపించింది ఒకటి, అక్కకు చేరింది ఇంకొకటి. మూడేళ్ళు ఇలాగే నడిచింది. అన్నాళ్ళూ పెట్టె వెడల్పూ కార్డు వెడల్పూ దగ్గరదగ్గరగా ఉండి కలిసొచ్చింది, అంతే. ఏ ఇంటివాళ్ళ శుభలేఖలోనూ లైను ఎక్కడ ఆగాలో చెప్పే హక్కు ఒక స్క్రోల్‌బార్‌కి ఉండకూడదు. నేను దానికి ఆ హక్కు ఇచ్చాను.

సరిచేయడం అరగంట పని. ‘హార్డ్’ తీసేశాను. స్క్రోల్‌బార్‌విడ్త్ రూలుని, వెబ్‌కిట్ పద్ధతి తెలియని బ్రౌజర్లకు మాత్రమే వర్తించేలా సపోర్ట్స్ షరతులో పెట్టాను. స్క్రోల్‌బార్‌గట్టర్‌ని స్టేబుల్ చేశాను, దాంతో స్క్రోల్‌బార్ రాకముందు కూడా దాని చోటు ఖాళీగా ఉంటుంది, టైపు చేస్తుండగా మధ్యలో లైన్లు ఎగరవు. ప్రివ్యూని కార్డు అసలు వెడల్పులో, సర్వరుకు చేరిన మ్యాటర్‌తోనే చూపిస్తున్నాను. అందులో కస్టమరు కొట్టిన ప్రతి ఎంటర్ దగ్గరా లేత రంగులో చిన్న బాణం గుర్తు కనిపిస్తుంది.

రోజులు పట్టింది వచ్చేసిన ఆర్డర్ల దగ్గర. మొత్తం 58. ఏ ఎంటర్ ఇంటివాళ్ళు కొట్టిందో, ఏది బ్రౌజర్ చేర్చిందో మ్యాటర్ చూసి చెప్పలేం. రెండూ ఒకే గుర్తు. ఒక చిన్న ప్రోగ్రాం రాశాను: ఈ లైను చివర కింది లైను మొదటి మాటకు చోటుండి కూడా విరిగిందంటే అది మనిషి కొట్టిన ఎంటర్, చోటు లేక విరిగితే అనుమానం. దానితో సగానికి పైగా తేలిపోయాయి. మిగతా 23 ఆర్డర్లకు ఓనరన్నా నేనూ చెరో ఫోన్ పట్టుకుని కూర్చున్నాం.

ఒక్కో లైనూ చదివి వినిపించి “అమ్మా, ఇక్కడ మీరే ఆపారా, దానంతటదే ఆగిందా?” అని అడగడం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకావిడ, “మేనమామ పేరు ఒక్కటే లైనులో ఉండాలని మేమే ఆపాం, ముట్టుకోకండి” అంది. ఉప్పల్ నుంచి ఒక తాతగారు ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ మూడూ ఒకే లైనులో ఉంటాయో లేదో నాతో రెండుసార్లు చెప్పించుకున్నారు. ఒక అబ్బాయి తనకేం తెలియదు, అమ్మనడగాలన్నాడు. అమ్మ అత్తయ్యనడగాలంది. సాయంత్రానికి అత్తయ్య ఫోన్ చేసి ‘చి.ల.సౌ.’ పక్కనే అమ్మాయి పేరు ఉండి తీరాలని చెప్పింది. ఆ రెండు రోజుల్లో విన్నవన్నీ రాసుకున్నాను. నేను చేసిన ఫారంలో ఇన్నాళ్ళూ ఎవరు కూర్చుని టైపు చేస్తున్నారో నాకు అప్పుడు తెలిసింది.

ఆ రాసుకున్నవాటి నుంచే ఇంకో మార్పు వచ్చింది. కీ.శే., చి., చి.ల.సౌ., శ్రీ, శ్రీమతి, డా. లాంటివి పేరు నుంచి విడిపోకూడదు. వాటి తర్వాత మామూలు ఖాళీకి బదులు విరగని ఖాళీ పెడితే రెండూ ఒకే లైనులో కదులుతాయి. ప్రివ్యూలో బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ యూనికోడ్ నుంచి అనుకు మార్చే కన్వర్టర్‌కి ఆ ఖాళీ అర్థం కాక దాని బదులు ఏదో చెత్త గుర్తు వేసింది. అందుకని అక్కకు వెళ్ళే కాపీలో మళ్ళీ మామూలు ఖాళీ పెట్టి, దానికి తోడు ఒక తనిఖీ చేర్చాను. ప్రూఫ్ పంపే ముందు అక్క మ్యాటర్‌ని ఒకసారి అందులో వేస్తుంది. ఏ లైను అయినా ఈ మాటల్లో ఒకదానితో ముగిస్తే అది ఎర్రగా కనిపిస్తుంది, చూసి సరే అనేదాకా ప్రూఫ్ ముందుకు కదలదు.

క్రోమ్ 2021 సెప్టెంబరులో వచ్చిన 94వ వెర్షన్ నుంచి నాలుగు వారాలకోసారి కొత్త వెర్షన్ ఇవ్వడం మొదలుపెట్టింది. కొత్త వెర్షన్ అందరికీ చేరకముందే, పరీక్ష కోసం ముందుగా ఇచ్చే బీటాలో దొరుకుతుంది. ఇప్పుడు నెలకోసారి, బీటాలో పెద్దాయన మ్యాటర్ మొత్తం చేత్తో కొట్టి పంపి, అక్కకు చేరినదాంతో పోల్చి చూస్తాను. పేర్లు మార్చాను, లైన్లు మాత్రం అవే. ఇరవై నిమిషాల పని.

కొత్త కార్డులు తీసుకోవడానికి పెద్దాయన ఆదివారం వచ్చారు. నేనూ ఉన్నాను. కట్ట విప్పి ఒక కార్డు తీసి, కళ్ళజోడు సర్దుకుని, లైను కింద వేలు పెట్టి మొదట్నుంచీ చివరిదాకా చదివారు. తన లైను దాటి వాళ్ళ నాన్నగారి పేరు దగ్గర వేలు కాసేపు ఆగింది. పాత కార్డులేం చేశారని అడిగితే, పసుపు పెట్టినవి చింపకూడదని అమ్మ అన్నదట, గుళ్ళో ఇచ్చి వచ్చారట.

అక్క తన మానిటర్ అంచుకు ఒక కాగితం అంటించుకుంది, లైను చివర ఉండకూడని మాటలన్నీ స్కెచ్ పెన్నుతో రాసి. పోయిన వారం ఫోన్ చేసింది. “జ్యేష్ఠ అని లైను చివర్ల ఆగి, పుత్రుడు కింద పడుతుంది తమ్మీ. కనిష్ఠ గూడ అంతే. అవి గూడ ఎక్కియ్యి.”

ఎక్కించాను.